సిలికాన్ జెర్మేనియం: వేఫర్ మీది పలచటి పొర

సిలికాన్, జెర్మేనియం ఆవర్తన పట్టికలో ఒకే వర్గంలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. రెంటి స్ఫటికమూ వజ్రం తరహాదే; ప్రతి పరమాణువుకూ నలుగురే పొరుగువారు. అందుకే ఏ పాళ్లలో కలిపినా ఇవి విడిపోకుండా ఒకే స్ఫటికంగా గడ్డకడతాయి. నూటికి ఒక పాలు జెర్మేనియం ఉన్నా తొంభై పాళ్లున్నా జాలకం ఆకారం మారదు, కొలత మాత్రం మారుతుంది. సిలికాన్ జాలకంలో ఒక గడి పొడవు 5.431 ఆంగ్‌స్ట్రామ్‌లు, జెర్మేనియంలో 5.658. తేడా 4.2 శాతం. మిశ్రమం కొలత ఈ రెండు అంకెల మధ్య, జెర్మేనియం పాలు పెరిగేకొద్దీ దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. సిలికాన్ జెర్మేనియం గురించి చెప్పుకోవలసిన విషయాల్లో చాలా భాగం ఈ 4.2 శాతం నుంచే పుడతాయి. మొదట్లో దాన్ని వదిలించుకోవలసిన దోషంగానే చూశారు. ఆ దోషాన్ని పనిముట్టుగా వాడుకోవడం తెలిశాకే చిప్పుల పరిశ్రమలో ఈ పదార్థానికి స్థిరమైన చోటు దొరికింది.

అడుగు నుంచి పైదాకా ఈ మిశ్రమంతోనే చేసిన వేఫర్లు (చిప్పులు తయారుచేసే గుండ్రటి పలకలు) ఫ్యాక్టరీల్లో కనిపించవు. సిలికాన్ 1414 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, జెర్మేనియం 938 దగ్గరే కరిగిపోతుంది. రెండూ కలిసిన ద్రవం చల్లారేటప్పుడు ముందుగా గడ్డకట్టే భాగంలో సిలికాన్ ఎక్కువ, మిగిలిన ద్రవంలో జెర్మేనియం ఎక్కువ. అలా లాగిన కడ్డీలో ఒక కొస నుంచి మరో కొసకు పాళ్లు మారిపోతుంటాయి. గడ్డకట్టే అంచు ముందు జెర్మేనియం పేరుకుని ఏకస్ఫటికం ముక్కలు కావడమూ మామూలే. బెర్లిన్‌లోని స్ఫటిక పరిశోధన సంస్థ, ద్రవం నుంచి కడ్డీగా లాగే జొక్రాల్‌స్కీ పద్ధతిలో ఇలాంటి స్ఫటికాలను పెంచింది. ద్రవంలో సుళ్లు లేకుండా చేస్తే పాళ్లు నిలకడగా ఉంటాయేమోనని జపాన్ అంతరిక్ష సంస్థ ఈ మిశ్రమ స్ఫటికాన్ని పెంచే ప్రయోగాన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చేసి చూసింది. ఇవి పరిశోధనకు పనికొచ్చే ముక్కలే తప్ప వేలల్లో అమ్ముడుపోయే సరుకు కాదు. ఆచరణలో సిలికాన్ జెర్మేనియం వేఫర్ అంటే 200 లేదా 300 మిల్లీమీటర్ల వ్యాసమున్న మామూలు సిలికాన్ వేఫర్, దాని ముఖాన పెంచిన మిశ్రమ పొర. 300 మిల్లీమీటర్ల వేఫర్ మందం 775 మైక్రోమీటర్లు. పొర మందం ఎక్కువ సందర్భాల్లో మైక్రోమీటరులో పదో వంతు కూడా ఉండదు.

1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన మొదటి ట్రాన్సిస్టర్ జెర్మేనియంతో చేసిందే. తర్వాత పదిహేనేళ్లలో సిలికాన్ దాన్ని పక్కకు నెట్టింది. ఎలక్ట్రాన్లూ, హోల్సూ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) జెర్మేనియంలోనే చురుగ్గా కదులుతాయి కాబట్టి ఇది వేగంలో వచ్చిన ఓటమి కాదు. జెర్మేనియం శక్తి అంతరం (ఎలక్ట్రాన్ బంధం వీడి కదలడానికి కావలసిన శక్తి) 0.66 ఎలక్ట్రాన్ వోల్ట్‌లే, సిలికాన్‌కు 1.12. అంతరం తక్కువైతే కాస్త వేడెక్కగానే కరెంట్ లీకవుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఆక్సైడ్. సిలికాన్ మీద పెరిగే ఆక్సైడ్ గట్టిది, నీటికి చెదరదు, కరెంట్‌ను అడ్డుకుంటుంది. జెర్మేనియం ఆక్సైడ్ నీళ్లలో కరిగిపోతుంది. వందలసార్లు కడిగి ఆరబెట్టే తయారీలో అలాంటి పొరను నమ్ముకోవడం కష్టం. ఈ చరిత్ర వల్లే జెర్మేనియం మళ్లీ ఫ్యాక్టరీలోకి వచ్చినప్పుడు సిలికాన్ పెట్టిన షరతులకు లోబడి, సిలికాన్ యంత్రాల్లోనే, సిలికాన్ పునాది మీదే రావలసి వచ్చింది.

దానికి పునాది వేసిన ఆలోచన హెర్బర్ట్ క్రోమర్‌ది. బైపోలార్ ట్రాన్సిస్టర్‌లో ఎలక్ట్రాన్లు ఎమిటర్ నుంచి బేస్‌ను దాటి కలెక్టర్‌కు చేరతాయి. వేగం కావాలంటే బేస్ పలచగా ఉండాలి. పలచటి బేస్‌లో నిరోధం తగ్గాలంటే అందులో బోరాన్ దట్టంగా కలపాలి. అలా కలిపితే బేస్‌లోని హోల్స్ వెనక్కి ఎమిటర్‌లోకి పారి ట్రాన్సిస్టర్ గెయిన్ పడిపోతుంది. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి. బేస్‌ను ఎమిటర్ కన్నా తక్కువ శక్తి అంతరమున్న పదార్థంతో చేస్తే ఈ చిక్కు వీడుతుందని క్రోమర్ 1957లో ప్రతిపాదించారు. అప్పుడు ఎలక్ట్రాన్లు తేలిగ్గా లోపలికొస్తాయి, హోల్స్‌కు గోడ అడ్డం పడుతుంది. బేస్ పొడవునా పదార్థం పాళ్లను క్రమంగా మారిస్తే అక్కడ ఒక విద్యుత్ క్షేత్రం దానంతటదే ఏర్పడి ఎలక్ట్రాన్లను ముందుకు లాగుతుందని కూడా ఆయన చూపించారు. ఈ కృషికి 2000లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. సిలికాన్ మీద పెంచిన మిశ్రమంలో 20 శాతం జెర్మేనియం ఉంటే శక్తి అంతరం సుమారు 0.15 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు తగ్గుతుంది. అంకె చిన్నదే. కానీ గది ఉష్ణోగ్రత దగ్గర కణాల ఉష్ణశక్తి 0.026 ఎలక్ట్రాన్ వోల్ట్‌లే కాబట్టి, ఆ తగ్గుదల ఘాతాంకంలోకి ఎక్కి గెయిన్‌ను సిద్ధాంతరీత్యా కొన్ని వందల రెట్లు పెంచగలదు. అంత గెయిన్ ఎవరికీ అక్కర్లేదు. దాన్ని ఖర్చుపెట్టి బేస్‌లో బోరాన్‌ను దట్టం చేసుకోవడమే డిజైనర్ల ఎత్తుగడ.

ఆలోచనకూ చిప్పుకూ మధ్య ముప్ఫై ఏళ్లు పట్టింది. కారణం ఆ 4.2 శాతమే. సిలికాన్ మీద మిశ్రమాన్ని పొరగా పెంచితే, కింది పరమాణువుల వరుసకు పై వరుస ఒదగాలి. పెద్ద గుడ్డను చిన్న గుడ్డకు అంచులు కలిపి కుట్టినట్టు పై పొర అడ్డంగా నొక్కుకుపోయి, నిలువుగా కాస్త సాగుతుంది. దీన్నే వికృతి అంటారు. పొర మందం పెరిగేకొద్దీ ఈ నొక్కుడులో దాగిన శక్తి పెరుగుతుంది. ఒక హద్దు దాటాక పరమాణువుల వరుసలు తెగి, డిస్‌లొకేషన్లు అనే దోషరేఖలు పుట్టి, పొర తన సహజమైన కొలతకు సడలిపోతుంది. ఆ హద్దును క్రిటికల్ మందం అంటారు. మాథ్యూస్, బ్లేక్స్‌లీ 1974లో ఇచ్చిన లెక్క ప్రకారం 20 శాతం జెర్మేనియం పొరకు అది సుమారు 10 నుంచి 20 నానోమీటర్లు. పొరను తక్కువ ఉష్ణోగ్రతలో పెంచితే దోషాలు పుట్టడానికి తగిన వేడి అందక, లెక్కకన్నా ఎన్నో రెట్లు మందంగా కూడా నిలబడుతుంది. నిజమైన పొరల్లో చాలా భాగం ఈ అర్ధస్థిర దశలోనివే. తర్వాతి అంచెల్లో ఎక్కువగా వేడి చేస్తే సడలిపోతాయి. వికృతితో కూడిన సిలికాన్ జెర్మేనియం పొరలను జర్మనీలోని ఉల్మ్‌లో ఎరిక్ కాస్పర్ బృందం 1975 నాటికే పెంచి చూపించింది.

పొరను తక్కువ వేడిలో పెంచాలన్న సంగతి అర్థమయ్యాక మరో అడ్డంకి ఎదురైంది. సిలికాన్ వేఫర్ ముఖం గాలి తగలగానే ఆక్సైడ్ పట్టుకుంటుంది. దాన్ని తొలగించడానికి వేఫర్‌ను 1000 డిగ్రీలకు పైగా వేడి చేయక తప్పదని అప్పటి నమ్మకం. ఐబీఎం యార్క్‌టౌన్ హైట్స్ పరిశోధనాలయంలో బెర్నార్డ్ మేయర్సన్ ఈ నమ్మకాన్ని పక్కన పెట్టారు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచి తీసిన సిలికాన్‌ను నీళ్లలో పెట్టి లేపితే దాని మీద తడి నిలవదు. నీరు జారిపోయి పొడిగా బయటికొస్తుంది. ఆమ్లం ఆక్సైడ్‌ను తినేశాక ఉపరితలంలోని పరమాణువుల ఖాళీ చేతులను హైడ్రోజన్ పట్టుకోవడమే దీనికి కారణం. ఆ హైడ్రోజన్ తొడుగు కొంతసేపు కొత్త ఆక్సైడ్‌ను రానివ్వదు. గది అంతా అతి శూన్యంగా ఉంచి, అందులో తేమ, ఆక్సిజన్ జాడ లేకుండా చూస్తే, 550 డిగ్రీల పరిసరాల్లోనే హైడ్రోజన్ వదిలి శుభ్రమైన సిలికాన్ మీద పొర పెరుగుతుంది. 1986లో మేయర్సన్ ప్రకటించిన ఈ పద్ధతి ఒకేసారి అనేక వేఫర్లకు పొర వేయగలిగింది. మొత్తం కథలో అసలు మలుపు ఇదేనని చెప్పవచ్చు. కొత్త పదార్థం కన్నా కొత్త శుభ్రత గెలిచింది. నేటి ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వాడేది తక్కువ పీడనంలో, 600 నుంచి 700 డిగ్రీల మధ్య, వేఫర్ వెంట వేఫర్‌గా పొర వేసే యంత్రాలను. వాటిలోకి సైలేన్ లేదా డైక్లోరోసైలేన్, జెర్మేన్ వాయువులు పంపుతారు. జెర్మేన్ విషవాయువు, సైలేన్ గాలి తగిలితే మండుతుంది. ఇవి ఉండే గది కట్టుదిట్టంగా ఉంటుంది.

1987లో ఐబీఎంలోనే సుబ్రమణియన్ అయ్యర్, గ్యారీ ప్యాటన్ బృందం సిలికాన్ జెర్మేనియం బేస్ ఉన్న మొదటి ట్రాన్సిస్టర్‌ను చూపించింది. 1990లో అది 75 గిగాహెర్ట్జ్ వేగానికి చేరింది; అప్పటి సిలికాన్ ట్రాన్సిస్టర్ల రికార్డుకు దాదాపు రెట్టింపు. ఆ తర్వాత వేగాన్ని బోరాన్ పరుగు అడ్డుకుంది. 20, 30 నానోమీటర్ల బేస్‌లో దట్టంగా కూర్చిన బోరాన్, తర్వాతి అంచెల వేడికి పక్కలకు పాకి బేస్‌ను వెడల్పు చేసేది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ ది ఓడర్‌లో ఉన్న ఐహెచ్‌పీ సంస్థ పరిశోధకులు మిశ్రమంలో ఒక శాతం కన్నా తక్కువ కార్బన్ కలిపి ఈ పాకుడును ఆపారు. బోరాన్ కదలాలంటే జాలకంలో అదనపు సిలికాన్ పరమాణువుల తోడు కావాలి. కార్బన్ వాటిని మింగేస్తుంది. 2016లో అదే సంస్థ గది ఉష్ణోగ్రతలో 505 గిగాహెర్ట్జ్ కటాఫ్ ఫ్రీక్వెన్సీ, 720 గిగాహెర్ట్జ్ గరిష్ఠ డోలన ఫ్రీక్వెన్సీ సాధించింది. చల్లబరిచేకొద్దీ ఈ ట్రాన్సిస్టర్ మరింత మెరుగవుతుంది. 2006లో ఐబీఎం, జార్జియా టెక్ కలిసి గది ఉష్ణోగ్రతలో 350 గిగాహెర్ట్జ్ దగ్గర ఉన్న ట్రాన్సిస్టర్‌ను 4.5 కెల్విన్‌కు చల్లబరిచి 500 గిగాహెర్ట్జ్ దాటించాయి.

ఈ ట్రాన్సిస్టర్లకు ప్రాసెసర్లలో వాడే మామూలు సీమాస్ సర్క్యూట్లను జోడించి ఒకే చిప్పు మీద చేసే పద్ధతే బైసీమాస్. కార్లలో ఎదుటి బండి దూరం కొలిచే 77 గిగాహెర్ట్జ్ రాడార్లు, ఫైబర్ కేబుళ్ల రెండు కొసల్లో కాంతికీ విద్యుత్తుకూ మధ్య పనిచేసే ఆంప్లిఫయర్లు, కొలత పరికరాలు దీని ముఖ్యమైన ఖాతాదారులు. వేగానికి ఒక మూల్యం ఉంది. 300 గిగాహెర్ట్జ్ స్థాయి ట్రాన్సిస్టర్ తట్టుకునే వోల్టేజి రెండు వోల్టులలోపే, అందుకే పెద్ద పవర్ కావలసిన చోట గాలియం నైట్రైడ్ వంటివి ముందుంటాయి. కింది వైపు నుంచి సీమాస్ తరుముకొస్తోంది. కార్ రాడార్లలో కొత్త చిప్పులు చాలావరకు 28 నానోమీటర్ల తరహా సీమాస్‌కు మారిపోతున్నాయి. ఈ రెంటి నడుమ మిగిలిన పట్టీ ఇరుకైనదే అయినా, తక్కువ రొదతో అధిక ఫ్రీక్వెన్సీ కావలసిన పనులు అక్కడ తగ్గడం లేదు.

బైపోలార్ రంగంలో సిలికాన్ జెర్మేనియానికి పేరు తెచ్చింది దాని శక్తి అంతరం. సీమాస్ రంగంలో ఉపయోగపడింది దాని వికృతి. మిశ్రమాన్ని మందంగా పెంచి పూర్తిగా సడలనిచ్చి, ఆ పెద్ద గడుల మీద పలచటి సిలికాన్ వేస్తే ఈసారి సాగేది సిలికాన్. సాగిన సిలికాన్‌లో ఎలక్ట్రాన్ల చలనశీలత 70 శాతం దాకా పెరుగుతుంది. అయితే సడలడమంటే దోషాలు పుట్టడమే. నేరుగా పెంచితే చదరపు సెంటీమీటరుకు కోట్లలో దోషరేఖలు పైకి పొడుచుకొస్తాయి. 1991లో బెల్ ల్యాబ్స్‌లో యూజీన్ ఫిట్జెరాల్డ్ బృందం జెర్మేనియం పాలును మైక్రోమీటరుకు 10 శాతం చొప్పున మెల్లగా పెంచుకుంటూ పోయింది. పుట్టిన దోషాలు పక్కలకు జారి అంచు చేరతాయి, పైకి వచ్చేవి లక్షల్లోకి దిగిపోతాయి. ఇలా చేసిన వేఫర్ ముఖాన నేత గుడ్డ మీది పడుగుపేకల్లా అడ్డగీతలు, నిలువుగీతలు తేలతాయి. కింద పడుకున్న డిస్‌లొకేషన్ల జాడలవి. పాలిష్ చేసి గీతలు తీసి మళ్లీ పొర వేయాలి. 2001లో ఐబీఎం ఈ దారిని ఆర్భాటంగా ప్రకటించింది. కానీ మైక్రోమీటర్ల కొద్దీ పొర వేసేందుకు పట్టే సమయం, మిగిలిపోయే దోషాలు, వేడి సరిగ్గా దిగకపోవడం కలిసి, ఇలా పూర్తిగా సాగదీసిన వేఫర్లు ప్రధాన లాజిక్ చిప్పుల్లో నిలదొక్కుకోలేదు.

వాటి బదులు గెలిచిన ఉపాయం మరింత చిన్నది. ఇంటెల్ 2003లో 90 నానోమీటర్ల తరం ప్రాసెసర్లలో హోల్స్‌తో పనిచేసే పీ-మాస్ ట్రాన్సిస్టర్‌కు అటూ ఇటూ సిలికాన్‌ను చెక్కేసి, ఆ గుంటల్లో 17 శాతం జెర్మేనియం ఉన్న మిశ్రమాన్ని నింపింది. గుంటలోని పెద్ద గడులు మధ్యలో ఉన్న చానల్‌ను రెండు వైపుల నుంచీ నొక్కుతాయి. అలా నొక్కుడుపడిన సిలికాన్‌లో హోల్స్ చలనశీలత 50 శాతానికి పైగా పెరిగింది. వేఫర్ మొత్తాన్ని మార్చనక్కర్లేదు, కావలసిన ట్రాన్సిస్టర్ పక్కనే కావలసినంత మిశ్రమం చాలు. తర్వాతి తరాల్లో జెర్మేనియం పాలు 23, 30, 40 శాతాలకు ఎక్కింది. ఈ ఒక్క మార్పుతోనే సిలికాన్ జెర్మేనియం ప్రత్యేక రేడియో చిప్పుల నుంచి దాదాపు ప్రతి కంప్యూటర్‌లోకీ, ఆ తర్వాత దాదాపు ప్రతి ఫోన్‌లోకీ చేరింది.

మరో మెట్టు చానల్‌నే మిశ్రమంతో చేయడం. ఐబీఎం 2015లో ప్రకటించిన 7 నానోమీటర్ల పరీక్షా చిప్పులో అలాంటి చానళ్లున్నాయి. టీఎస్ఎంసీ 5 నానోమీటర్ల తరం కూడా పీ-రకపు ట్రాన్సిస్టర్లకు ఇదే బాట పట్టింది. ఇక్కడ పాత ఆక్సైడ్ గొడవ మళ్లీ వస్తుంది. మిశ్రమం మీద ఆక్సైడ్ పెంచితే సిలికానే ముందుగా ఆక్సీకరణ చెంది, జెర్మేనియం కిందికి తోసుకుపోతుంది. గేటు దగ్గర ఇది తలనొప్పి. పలచటి సిలికాన్‌ను ఇన్సులేటర్ మీద పరిచిన వేఫర్లలో మాత్రం ఇదే గుణాన్ని కావాలని వాడుకుంటారు. మిశ్రమం వేసి ఆక్సీకరిస్తే జెర్మేనియం కింద మిగిలిన పలచటి పొరలో చిక్కబడుతుంది. జెర్మేనియం సాంద్రీకరణ అనే ఈ పద్ధతి 22 నానోమీటర్ల తరహా తక్కువ విద్యుత్ చిప్పుల్లో వాడుకలో ఉంది.

నేటి అత్యాధునిక చిప్పుల్లో ఈ పదార్థం పాత్ర విచిత్రమైనది. 2021లో ఐబీఎం చూపిన 2 నానోమీటర్ల చిప్పు, 2022లో శాంసంగ్ మొదలుపెట్టిన 3 నానోమీటర్ల తయారీ, ఆ తర్వాత ఇంటెల్, టీఎస్ఎంసీ అందుకున్న తరాలు, అన్నిటిలోనూ గేటు చానల్‌ను నాలుగు వైపులా చుట్టుకుంటుంది. అందుకోసం సిలికాన్, సిలికాన్ జెర్మేనియం పొరలను ఒకదాని మీద ఒకటి మూడు నాలుగు జతలుగా పేరుస్తారు. ట్రాన్సిస్టర్ ఆకారం కోసుకున్నాక సిలికాన్ జెర్మేనియాన్ని మాత్రమే తినే రసాయనంతో ఆ పొరలను పక్కల నుంచి ఖాళీ చేస్తారు. మిగిలిన సిలికాన్ రేకులు గాలిలో తేలుతున్నట్టు నిలబడతాయి. ఆ సందుల్లోకి గేటు పదార్థం నిండుతుంది. మిశ్రమంలో జెర్మేనియం 25 నుంచి 35 శాతం దాకా ఉంటే రసాయనం రెంటినీ బాగా వేరు చేయగలుగుతుంది. అంతకన్నా ఎక్కువైతే వికృతి పెరిగి దోషాలు పుడతాయి. తక్కువైతే సిలికాన్ కూడా కరుగుతుంది. పేర్చిన పొరలను ఎక్కువగా వేడి చేస్తే జెర్మేనియం సిలికాన్‌లోకి పాకి అంచు మసకబారుతుంది. అయిదారు నానోమీటర్ల రేకుకు ఒక నానోమీటరు మసక కూడా భరించరానిదే. అంటే ఎంతో జాగ్రత్తగా పెంచిన పొర పూర్తిగా మాయమైతేనే పని సక్రమంగా జరిగినట్టు.

మిశ్రమానికున్న లోపాల్లో మొదటిది వేడి. సిలికాన్ ఉష్ణవాహకత మీటరు కెల్విన్‌కు సుమారు 150 వాట్లు, జెర్మేనియానిది 60. రెండూ కలిపితే సగటు రాదు. 10 లోపుకు పడిపోతుంది. బరువు తేడా ఉన్న పరమాణువులు అస్తవ్యస్తంగా ఉండటంతో జాలక కంపనాలు దారితప్పి చెదిరిపోతాయి. చిప్పుకు చెడ్డదైన ఈ గుణం మరోచోట వరమైంది. 80 పాళ్లు సిలికాన్, 20 పాళ్లు జెర్మేనియం ఉన్న మిశ్రమం ప్లుటోనియం వేడిని నేరుగా విద్యుత్తుగా మారుస్తుంది. వేడి కొసను 1000 డిగ్రీల దగ్గర ఉంచినా తట్టుకుంటుంది. 1977లో బయలుదేరిన రెండు వాయేజర్ నౌకలకూ, తర్వాత కసీనీకీ, న్యూ హొరైజన్స్‌కూ కరెంట్ ఇచ్చింది ఇదే. వేఫర్లతో దీనికి నేరుగా సంబంధం లేకపోయినా పదార్థం ఒకటే.

క్వాంటమ్ కంప్యూటర్ల పరిశోధనలో మాత్రం ఎప్పుడో వెనకబడిన సడలిన వేఫర్లు మళ్లీ ముందుకొచ్చాయి. 30 శాతం జెర్మేనియం ఉన్న రెండు పొరల మధ్య కొద్ది నానోమీటర్ల సిలికాన్ పెట్టి, అందులో ఒక్కో ఎలక్ట్రాన్‌ను బంధించి, దాని స్పిన్‌ను క్యూబిట్‌గా, అంటే క్వాంటమ్ లెక్కలకు మూల ప్రమాణంగా, వాడతారు. సహజ సిలికాన్‌లో 4.7 శాతం ఉండే సిలికాన్-29 కేంద్రకాల అయస్కాంత రొద స్పిన్‌ను చెడగొడుతుంది కాబట్టి, సిలికాన్-28తోనే ఆ పొర పెంచుతారు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పరిశోధకులు 2022లో ఆరు క్యూబిట్లు, ఇంటెల్ 2023లో 12 క్యూబిట్ల చిప్పు ఇలాంటి వేఫర్ల మీదే చేశారు. పొరల అంచు ఒక పరమాణువు మందం అటూ ఇటూ అయినా క్యూబిట్ గుణం మారిపోవడం ఇంకా తేలని సమస్య. ఈ అమరికను తలకిందులు చేసి, జెర్మేనియం ఎక్కువున్న మిశ్రమాల మధ్య శుద్ధ జెర్మేనియం పెట్టి హోల్స్‌ను వాడే దారి కూడా డెల్ఫ్ట్‌లోనే వేగంగా సాగుతోంది. కాంతి విషయంలో ఆశ ఇంకా ప్రయోగశాల గడప దాటలేదు: ఘనాకార స్ఫటికంలో కాంతినివ్వని ఈ మిశ్రమాన్ని షట్కోణ స్ఫటికంగా పెంచితే వెలుగుతుందని 2020లో ఐండ్‌హోవెన్ బృందం చూపింది, అదీ నానోతీగల్లోనే.

జెర్మేనియం సరఫరా మీద ఆందోళనలు మొదలయ్యాయి. జింకు శుద్ధిలో, బొగ్గు బూడిదలో ఉపఉత్పత్తిగా దొరికే ఈ మూలకంలో ఎక్కువ భాగం చైనా నుంచి వస్తుంది. చైనా 2023 ఆగస్టు నుంచి దాని ఎగుమతికి లైసెన్స్ తప్పనిసరి చేసింది. ఫైబర్ కేబుళ్లు, రాత్రి చూపు కెమెరాల కటకాలు దీనితో ఎక్కువ దెబ్బతినే రంగాలు. చిప్పులకు అవసరమయ్యేది చాలా కొద్ది: 300 మిల్లీమీటర్ల వేఫర్ నిండా 30 శాతం జెర్మేనియం ఉన్న 10 నానోమీటర్ల పొరలు మూడు వేస్తే, వాటిలో ఉండే జెర్మేనియం నాలుగు మిల్లీగ్రాములు. వేఫర్ మీద పడకుండా యంత్రం నుంచి బయటికి పోయే జెర్మేన్ దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. అయినా ధర కన్నా శుద్ధమైన జెర్మేన్ వాయువు ఆగకుండా అందడమే ఫ్యాక్టరీలకు ముఖ్యం.

పొరల సంఖ్య మాత్రం పెరగబోతోంది. మెమరీ చిప్పుల్లో గడులను నిలువుగా పేర్చే త్రిమితీయ డీర్యామ్ కోసం 2025లో బెల్జియంలోని ఐమెక్ పరిశోధన సంస్థ, ఘెంట్ విశ్వవిద్యాలయం 300 మిల్లీమీటర్ల వేఫర్ మీద 120 జతల సిలికాన్, సిలికాన్ జెర్మేనియం పొరలు పెంచి చూపాయి. అన్ని పొరల వికృతి కలిసి క్రిటికల్ మందాన్ని దాటే ప్రమాదం ఉంది కాబట్టి, మిశ్రమంలో జెర్మేనియం పాలు తగ్గించడం, కొద్దిగా కార్బన్ చేర్చడం వంటి ఉపాయాలు పరీక్షిస్తున్నారు. కార్బన్ పరమాణువు చిన్నది, గడిని కాస్త కుదించి సిలికాన్ కొలతకు దగ్గర చేస్తుంది. అయితే పాలు తగ్గితే ఖాళీ చేసే రసాయనం పట్టు సడలుతుంది, పైగా ఈసారి ఆ రసాయనం నూరుకు పైగా సందుల్లో అట్టడుగు దాకా ఒకే లోతుకు చొచ్చుకుపోవాలి.